ఊరికే ఒక ఊరికి

పోయిన మాసమున ఒక సోదరి మాకు జాబు వ్రాయుచు, "మా యమ్మకు 70 ఏండ్లు నిండినవి. ఇంతవరకు ఆమెకు నేను చేసినదేమియు లేదు. ఏ క్షేత్రమునకు తీసికొనిపోయిన బాగుండునో తెలుపగలరు" అని యడిగినది. కాశియో, తిరుపతియో, శ్రీశైలమో చెప్పుదుమని ఆమె యనుకొని యుండును. క్షేత్రయాత్ర వలదని మేమనము. కాని ఆ జాబు చదివినప్పుడు మాకు తోచినది వేఱు. మన యమ్మలు చేసిన ప్రయాణము లన్నిటికిని ఏదో యొక పని కలదు. మ్రొక్కు తీర్చుటకు తిరుపతి, వ్రతమునకు అన్నవరము, పెద్దకూతురి పురిటికి ఒక యూరు, కోడలి పురిటికి మఱియొక యూరు, ఆడపడుచు కొడుకు పెండ్లి, పినమామగారి దినములు. పనియు లేక, మ్రొక్కును లేక, ఊరికే ఒక ఊరికి పోయి రెండు దినములుండి వచ్చిన తల్లిని మీ యెరుకలో ఒక్కతెను చూపుడు.

మా యమ్మకు 72 ఏండ్లు. కాపురము రాజమహేంద్రవరము. గత మార్గశిరమున ఆమెను మేము భీమునిపట్టణమునకు తీసికొనిపోయి రెండు రాత్రులుండి వచ్చితిమి. ఆ సోదరికి మా ప్రత్యుత్తరము ఈ వృత్తాంతమే. ఇందు మేము చేసిన పొరపాటులను దాచక వ్రాయుచున్నాము. ఒప్పులకన్న అవియే ఆమెకు ఎక్కువ యుపయోగించును.

ప్రయాణము మాట యెత్తగానే అమ్మ, "ఎవరికే ఒంట్లో బాగులేదు?" అని కంగారుపడినది. ఎవరికిని ఏమియు లేదనియు, ఊరికే పోదమనియు చెప్పితిమి. "ఊరికే ఎవరైనా వెళ్తారుటే? మీ నాన్నకి పూటపూటా వేడన్నం కావాలి. పనిమనిషి ఊరెళ్ళింది. పెరట్లో చిక్కుడుపాదు కాపుమీదుంది" అని మూడు కారణములు ఒక్క గుక్కలో చెప్పినది. ఇట్టి కారణములతో వాదించి ప్రయోజనము లేదు. ఒకటి తీసివేసిన రెండు పుట్టును. రైలు టిక్కెట్లు కొని చేతిలో పెట్టితిమి. రాకున్న సొమ్ము వృథా యగునని వినగానే ఆమె లొంగినది. మన యమ్మల నోడించుటకు ఇంతకు మించిన యస్త్రము లేదు.

మా మొదటి పొరపాటు అక్కడనే జరిగినది. ప్రయాణమునకు ముందు మూడు దినములు అమ్మ వంటయింటినుండి యీవలకు రాలేదు. కందిపొడి, కరివేపాకు పొడి, పులిహోరకు పులుసు, రెండు విధముల పచ్చళ్ళు. నాన్నగారు అన్నమొక్కటి వండుకొనిన చాలునట్లు అన్నియు అమర్చి, ఏ డబ్బాలో ఏమున్నదో కాగితపు ముక్కలపై వ్రాసి అంటించినది. మా యన్నగారును వదినెగారును ఆ యూరనే రెండు వీధుల దూరమున నున్నారు. "ఈ మూడు దినములు నాన్నగారి భోజనము మా పూచీ" యన్న మాటను వారి నోటనే అమ్మకు ముందుగా వినిపింపవలసినది. ఆ పని మేము చేయలేదు. విశ్రాంతికని తీసికొనిపోవుచు, ముందుగా ఆమెచేత రెట్టింపు చాకిరి చేయించితిమి.

భీమునిపట్టణమునే యేల కోరితిరని మీరడుగవచ్చును. అది చిన్నయూరు, పాతయూరు, సముద్రపుటూరు. రాజమహేంద్రవరమునుండి విశాఖకు రైలులో సుమారు 200 కిలోమీటర్లు. అటుపై తీరము వెంబడి పాతిక ముప్పది కిలోమీటర్లు బస్సులోనో, అద్దె కారులోనో పోవచ్చును. త్రోవ పొడుగునను కుడివైపున సముద్రము కనబడుచు, మఱుగగుచు నుండును. అమ్మను ఆ వైపు కిటికీకడ కూర్చుండబెట్టుడు. ఎడమవైపున తొట్లకొండ కలదు. దానిపై పూర్వము బౌద్ధభిక్షువులు నివసించిన విహారముల పునాదులు నేటికిని చూడవచ్చును. మఱికొంత దూరము పోయిన ఎఱ్ఱమట్టి దిబ్బలు. సముద్రపు గాలి వేలయేండ్లుగా చేర్చిన ఇసుక తుప్పువన్నె కెక్కి, వానలకు కోసికొనిపోయి, గోడలుగను గోపురములుగను నిలిచినది. దీనిని 2014లో జాతీయ భూవారసత్వ స్థలముగా గుర్తించిరి.

ఊరు ఒకప్పుడు గొప్ప రేవు. 17వ శతాబ్దములో డచ్చివారు ఇచ్చట వర్తకము నెలకొల్పిరి. 1825లో ఇది ఆంగ్లేయుల వశమైనది. 1861లోనే పురపాలక సంఘ మేర్పడిన యూరిది; దేశములో అంత ప్రాచీనమైనవి కొలదిగా నున్నవి. రైలుదారి దూరముగా పోవుటచేతను, 1933లో విశాఖ హార్బరు తెఱచుటచేతను ఓడలు రావడము మానినవి. నేడది విశాఖ మహానగరములో కలిసినను, ఊరి తీరు మాత్రము ఊరి తీరుగానే యున్నది. పాత దీపస్తంభము, పెంకుటిండ్లు, పాడుపడిన గిడ్డంగులు, సాయంకాలమునకు తీరమున బజ్జీల బండ్లు. ఆదివారములలో విశాఖనుండి జనము వచ్చి పడును గనుక మంగళ బుధవారములు మేలు. వేసవిలో మాత్రము పోవలదు.

బసకు ముందుగా ఫోనుచేసి, క్రింది యంతస్తున గది కావలెనని చెప్పియుంటిమి. సరేయనిరి. తీఱ పోయిన తరువాత రెండవ యంతస్తున గది చూపిరి. ఎత్తుటకు లిఫ్టు లేదు. మేము గట్టిగా నడుగునంతలో అమ్మయే, "పోనీలే, ఎక్కగలను" అని మెట్లెక్కినది. "పోనీలే" యన్న ఆమె మాటను నమ్మరాదని మాకు 40 ఏండ్లుగా తెలిసియు, ఆ దినము నమ్మితిమి. కావున సోదరీమణులారా, క్రిందిగది, కుర్చీవంటి మరుగుదొడ్డి, స్నానపుగదిలో జారని నేల, ఈ మూడును కన్నులార చూచినగాని సామాను దింపకుడు.

గదిలో కాలిడగానే ఆమె తన పాతచీర పేలిక యొకటి తీసి, తడిపి, నేల తుడిచినది. టీ తాగిన కప్పులు కడిగి బోర్లించినది. "అమ్మా, దానికి వాళ్ళ మనుషులున్నారు" అనిన, "ఉంటే ఉండనీ, చేతులూరుకోవు" అనినది.

ఆనాటి మధ్యాహ్నమే మేము ఆమెను పావురాలకొండ మీదికి నడిపించితిమి. ఆ కొండపై నరసింహస్వామి యాలయమును, రాతిలో తొలిచిన ప్రాచీనపు నీటితొట్లును కలవు. పైనుండి చూచిన ఊరు, ఏఱు, సముద్రము మూడును ఒక్కచూపులో పట్టును. మా చేతిలో కాగితముపై వ్రాసికొనిన పట్టికయు నుండెను. ఈ దినము ఇవి, రేపు అవి యని. అమ్మ మా భుజము పట్టుకొని మెట్టు మెట్టునకు నిలిచి యెక్కినది. నొప్పి యని ఒక్కమాట యనలేదు. స్వామిని సేవించినది, దిగినది. రాత్రి ఆమె పండుకొన్న తరువాత దుప్పటి సరిచేయబోయి చూచితిమి గదా, పాదములు రెండును పొంగి యున్నవి. ఆ పట్టిక ఆమెకొఱకు వ్రాసినది కాదు. మేము చూడదలచిన వానికి ఆమెను తోడు తీసికొని పోయితిమి, అంతియే. ఆ రాత్రి వేడినీటిలో ఉప్పు కలిపి ఆమె కాళ్ళుంచి, ఆ కాగితమును చింపివేసితిమి.

మఱునాడు లేచి, "అమ్మా, ఇవాళ నీకేం చెయ్యాలనుంది?" అని యడిగితిమి. ఆమె చాలసేపు మాటలాడలేదు. అది కోపము కాదు. ఆ ప్రశ్నకు ఉత్తరము వెదకుట ఆమెకు అలవాటు లేదు. తుదకు, "నీ ఇష్టం" అనినది. మేమును పట్టువిడువక కూర్చుంటిమి. మఱికొంతసేపటికి, "నిన్న దార్లో ఏవో గోపురాల్లాంటి సమాధులు కనిపించాయి, అవేమిటో చూద్దామా?" అనినది.

అవి డచ్చివారి సమాధులు. తీరమునకు సమీపముననే యున్నవి. కొన్ని సూచిగా కొనదేఱిన స్తంభములు, కొన్ని పలకలు. వానిపై వారి భాషలో చెక్కిన యక్షరములు ఉప్పుగాలికి అరిగిపోయినవి. అమ్మ ఒక రాతి నీడను కూర్చుండి, వారు ఎంతదూరమునుండి వచ్చిరని యడిగినది. ఓడలో ఆరునెలలకు పైగా పట్టెడి దని చెప్పితిమి. "అయితే వీళ్ళ అమ్మలకి కబురెప్పుడు తెలిసిందో" అనినది. మేము చరిత్రపుస్తకములలో ఆ యూరిని గూర్చి చదివినప్పు డొక్కనాడును మాకా ప్రశ్న తోచలేదు.

అటనుండి గోస్తనీనది సముద్రములో కలియు చోటికి పోయితిమి. ఈ నది అనంతగిరి కొండలలో పుట్టి, బొఱ్ఱాగుహల గుండ వచ్చి, ఇచ్చట ముగియును. గుహలోని ఆవుపొదుగు వంటి రాతినుండి నీరు జాఱుటచేత ఆ పేరు వచ్చినదందురు. అలలచెంత నిలిచి పడవలు చూచుటకు బాగుండును గాని, కలయికకడ నీటిలోనికి దిగుట క్షేమము కాదు. తీరమున జాలరులు రెండు వరుసలుగా నిలిచి వల లాగుచుండిరి. ఆడువారు గంపలతో కాచుకొని యుండిరి. అమ్మ ఇసుకలో కూలబడి, కాళ్ళు చాచి, ఆ వల పూర్తిగా ఒడ్డునకు వచ్చువఱకు చూచినది. మూడు గంటలు పట్టినది. మేము పుస్తకము తెచ్చుకొనియుంటిమి, తెఱవలేదు.

అంతలో నాన్నగారినుండి ఫోను. ముందటి దినమే ఐదుమార్లు వచ్చియుండెను. ఇంగువ ఎక్కడ, గ్యాసుపొయ్యి ఏ మీట, చాకలి వచ్చినాడు ఎన్ని బట్టలు. అన్నింటికిని అమ్మ ఓపికతో బదులు చెప్పినది. ఈ మాఱు ఫోను చేతిలోకి తీసికొని, పేరు చూచి, మ్రోగనిచ్చి, ఒడిలో పెట్టుకొనినది. "ఇంగువ కాగితం మీద రాసే ఉంది" అనినది. మేము నవ్వితిమి. ఆమె నవ్వలేదు. కొంతసేపటికి వలవైపే చూచుచు, మాకెన్నడును చెప్పని సంగతి చెప్పినది.

మా యమ్మమ్మ మంచముపట్టిన సంవత్సరము అమ్మ పుట్టినింటికి పోవలెనని రెండుమార్లు అడిగినదట. మా నాయనమ్మకు కంటిచికిత్స జరిగి యున్నందున ఇంటిలో మనిషి యుండవలెననిరి. తరువాత పోయినప్పటికి అన్నియు ముగిసినవి. "మా అమ్మ ఒక్కసారి సముద్రం చూడాలనేది. మా ఊరికి పది కోసులుండేది సముద్రం. నేను చూపిస్తాలే అన్నాను. పెళ్ళి కాకముందు అన్నమాట." అంతకు మించి ఆమె చెప్పలేదు. మేమును అడుగలేదు. చేపలు పంచుకొనువారి కేకలలో ఆ మాట మఱుగైనది.

ఖర్చులు వ్రాయుమని ఆ సోదరి యడిగినది గాని, ధరలు నెలనెలకు మాఱుచున్నవి. వ్రాసి లాభము లేదు. రైలులో వృద్ధులకు రాయితీ 2020లో నిలిచిపోయినది గనుక దానిని నమ్ముకొనవలదు. రక్తపుపోటు మాత్రలు రెండు దినములకు కాక ఐదు దినములకు సరిపడ, పెట్టెలో కాక చేతిసంచిలో నుంచుడు. ఇసుకలో నడచుటకు పట్టీలు గల చెప్పులు, కూర్చుండుటకు ఒక మడతచాప, ఎండకు గొడుగు. భోజనమునకు మొదటి పూట ఇంటినుండి పులిహోర తెచ్చుకొంటిమి. తరువాత హోటలులో ఇడ్డెనలు తిని అమ్మ, "చట్నీలో కొబ్బరి తక్కువ" అనినది. పరులు వండినది కూర్చుండి తిని, దానికి వంక పెట్టుటయు ఒక సుఖము. అది ఆమెకు ఎన్నాళ్ళ కబ్బెనో మేము లెక్కపెట్టలేము. సాయంకాలము మిరపకాయ బజ్జీలు రెండు తిన్నది. ఇంటిలో నైనచో అందఱికిని వేసి, మిగిలిన విఱిగిన ముక్క తినెడిది.

మూడవనాటి యుదయమున బయలుదేఱునపుడు ఆమె గది తుడవలేదు. కప్పులు అట్లే బల్లపై నున్నవి. మేమది చూచితిమి, ఏమియు ననలేదు.

విశాఖలో రైలెక్కిన తరువాత అమ్మ కొంగుముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన 500 రూపాయల నోటు తీసి మా చేతిలో పెట్టబోయినది. టిక్కెట్టుకని యనుకొని వలదంటిమి. "నాకు కాదే. మీ మేనత్తకి. ఆవిడా ఎక్కడికీ వెళ్ళలేదు. మాఘమాసంలో మళ్ళీ వెళ్దాం, ఇప్పుడే తీసేయ్ టిక్కెట్లు. కిందగది ఇస్తేనే సుమా. కొండ మాత్రం వద్దు."