దూరానికీ అద్దె ఉంది

ఫిబ్రవరిలో తెల్లవారుజామున నాలుగున్నరకు పల్నాటి పల్లెల్లో ఏ సెంటర్లో నిలబడినా ఒకటే దృశ్యం. చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకుని, చేతిలో క్యారేజీతో ఆడవాళ్లు ఆటో కోసం చూస్తుంటారు. ఆటో వస్తుంది. సీటు నిండాక డ్రైవరు వెనకాల అడ్డంగా చెక్క వేస్తాడు, దాని మీద మరో నలుగురు. మిరప కోతకు పోయే పొలం ఇరవై, ముప్పై కిలోమీటర్లు. కూలి ఎంతన్నది ముందురోజు రాత్రే మేస్త్రి ఖాయం చేసి ఉంటాడు. ఆటో కిరాయి రైతుదా, కూలీదా అన్నదీ అప్పుడే తేలిపోతుంది.

దూరానికి ధర ఉందని ఆ ఆటోలో కూర్చున్న మనిషికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ సంగతి మరిచిపోయేది అద్దె ఇల్లు వెతుక్కునే మధ్యతరగతి, పేదలకు ఇళ్లిచ్చే ప్రభుత్వం.

ముందు మధ్యతరగతి లెక్క చూద్దాం. పని గుంటూరులో, కాపురం సత్తెనపల్లిలో అనుకోండి. గుంటూరులో అద్దె 9,000, సత్తెనపల్లిలో 5,000 అనుకుంటే నెలకు 4,000 మిగలాలి. రానూపోనూ సుమారు 70 కిలోమీటర్లు. లీటరుకు 50 కిలోమీటర్లిచ్చే బండి రోజుకు 1.4 లీటర్లు తాగుతుంది. లీటరు 110 చొప్పున 154 రూపాయలు. నెలకు 25 రోజులు తిరిగితే 3,850. చేతిలో మిగిలింది 150. రెండు పంక్చర్లు పడితే అదీ లేదు. రోజుకు రెండున్నర గంటలు దారిలో పోతే నెలకు 62 గంటలు, అంటే దాదాపు ఎనిమిది పనిదినాలు. దూరపు కొండలు నునుపన్నట్టు, చవక అద్దె దూరం నుంచే చవక.

అందుకని ఊరు వదిలి రావడమే తెలివని కాదు. సొంతిల్లు ఉండొచ్చు, పిల్లల్ని చూసుకోవడానికి అమ్మమ్మ ఉండొచ్చు, కౌలుకివ్వని రెండెకరాలు ఉండొచ్చు. వాటి విలువ పెట్రోలు ఖర్చు కన్నా ఎక్కువే కావచ్చు. ఎక్కడ ఉండాలన్నది ఎవరి ఇష్టం వారిది. కాకపోతే అద్దెనూ దారినీ ఒకే కాగితం మీద కూడి చూసుకోవాలి. అమెరికాలో చికాగోకు చెందిన సెంటర్ ఫర్ నైబర్‌హుడ్ టెక్నాలజీ ఈ పద్ధతినే సూచీగా మలిచింది. ఇంటి ఖర్చు, ప్రయాణ ఖర్చు రెండూ కలిపి ఆదాయంలో 45 శాతం దాటకపోతేనే ఆ చోటు ఆ కుటుంబానికి అందుబాటులో ఉన్నట్టు.

మన ప్రభుత్వాలకు ఈ లెక్క తెలియనిదేమీ కాదు. 2016లో సచివాలయ ఉద్యోగులు హైదరాబాద్ నుంచి వెలగపూడికి కదిలినప్పుడు 30 శాతం ఇంటద్దె అలవెన్సు కొనసాగింది, వారానికి ఐదు రోజుల పని వచ్చింది. కుటుంబం హైదరాబాద్‌లో, ఉద్యోగం ఇక్కడ ఉన్న మనిషికి దూరం ఎంత భారమో సర్కారు అప్పుడు గుర్తించింది. టీచర్ల బదిలీల్లోనూ బస్సు వెళ్లని ఊరి బడికి ఎక్కువ పాయింట్లున్నాయి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం సైతం పని ఐదు కిలోమీటర్లు దాటితే కూలిలో పది శాతం అదనంగా ఇవ్వాలంది.

అయినా ఈ గుర్తింపు అందరికీ ఒకేలా అందదు. 2022 పీఆర్‌సీ వివాదం తర్వాత ఖరారైన ఇంటద్దె అలవెన్సు జనాభాను బట్టి 24, 16, 12, 10 శాతాలుగా ఉంది. అది ఊరి సైజును కొలుస్తుంది తప్ప దారిని కొలవదు. కనిగిరి వైపు పల్లె బడిలో పనిచేసే టీచరు పిల్లల చదువు కోసం ఒంగోలులో కాపురం పెడితే అలవెన్సు పల్లెది, అద్దె ఒంగోలుది, దారి ఖర్చు సొంత జేబుది. సంఘం ఉన్న ఉద్యోగికే ఇలా ఉంటే, మిరప కూలీకి అలవెన్సు అనే మాటే లేదు.

దూరాన్ని పూర్తిగా తీసేసుకున్నవాళ్లూ ఉన్నారు. కర్నూలు పడమటి మండలాల నుంచి కోతలకు వచ్చే కుటుంబాలు పొలం గట్టునే గుడారం వేసుకుంటాయి. వాళ్లకు రాకపోకల ఖర్చు లేదు. ఇల్లూ లేదు, పిల్లలకు బడీ లేదు.

అసలు లోపం ఇళ్ల పథకాల్లో ఉంది. 2020 డిసెంబరు 25న మొదలైన ‘పేదలందరికీ ఇళ్లు’ పట్టణాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర ఇచ్చింది. ఇప్పటి ప్రభుత్వం రెండు, మూడు సెంట్లంటోంది. సెంట్ల మీద జరిగినంత రచ్చ కిలోమీటర్ల మీద జరగలేదు. టిడ్కో ఇళ్లదీ అంతే. 300, 365, 430 చదరపు అడుగులని కొలతలు పెట్టారు గానీ, గుంటూరు శివారు అడవితక్కెళ్లపాడు నుంచి మిర్చి యార్డుకు తొడిమలు తీయడానికి పోయే మనిషికి రోజూ ఎంత ఖర్చవుతుందని ఎవరూ కొలవలేదు. ఊరి నడుమ స్థలం ఖరీదు కదా అని అధికారులంటారు. నిజమే. ఆ ఖరీదు మాయమేమీ కాలేదు. ఖజానాకు ఒకసారి మిగిలిన సొమ్మును లబ్ధిదారు ముప్పై ఏళ్లపాటు ఆటో కిరాయిగా వాయిదాల్లో కడతాడు.

ఒక్కోసారి ఆ వాయిదా ప్రాణమే. 2020 మే 14న ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర మిరప కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని ఢీకొంది. 2023 మే 17న దాచేపల్లి మండలం పొందుగల దగ్గర ఆటో, లారీ ఢీకొని నల్గొండ జిల్లా మహిళా కూలీలు చనిపోయారు. 2025 ఆగస్టు 15న మొదలైన ‘స్త్రీశక్తి’ ఉచిత బస్సు పథకం ఆడవాళ్లకు టికెట్ ఖర్చు తప్పించింది. దారి ఖర్చు లెక్కను అది నిజంగానే మార్చింది. అయితే నాలుగున్నరకు సెంటర్లో నిలబడ్డ మనిషికి ఏడు గంటల పల్లెవెలుగు ఉచితమైనా ఒకటే, కాకపోయినా ఒకటే.

కాబట్టి చేయాల్సింది మూడు పనులు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా కోత ఊళ్లకు తెల్లవారుజాము బస్సులు నడపాలి. 2011-12లో మంజూరై ఇంకా పూర్తి కాని 309 కిలోమీటర్ల నడికుడి–శ్రీకాళహస్తి రైలు మార్గాన్ని గడువు పెట్టి ముగించాలి. దర్శి, పొదిలి, కనిగిరి మనుషులకు అది ఇల్లు మారకుండానే పని మారే వీలిస్తుంది. మూడోది పైసా ఖర్చు లేనిది. ఇంటి పట్టాలో సర్వే నంబరు ఉంటుంది, సెంట్లుంటాయి, నాలుగు వైపుల హద్దులుంటాయి. ఆ కాగితంలో ఇంకో గడి గీసి, తీసుకునే మనిషి పనికి పోయే చోటుకు ఎన్ని కిలోమీటర్లో రాయాలి. ఆ అంకె కళ్లెదుట ఉంటే ఊరికి అంత దూరంలో లేఔటు వేయించడానికి సంతకం పెట్టే చెయ్యి కాస్త ఆగుతుంది.