చీనా దేశమును చదువవలసిన తీరు

పొరుగువానిని గూర్చి మూడవవాడు చెప్పిన మాటను బట్టి తీర్పు చెప్పువానిని లోకము వివేకియని యెంచదు. చీనా విషయమున భారతదేశమే కాక పెక్కు దేశములు చేయుచున్నది ఇంచుమించుగా ఇదియే. చీనాలో జరిగినది ఆంగ్ల పత్రికలో అచ్చయిన పిమ్మటనే ఇచటివారికి వార్త యగుచున్నది.

ఈ లోపము నేటిది కాదు. 7వ శతాబ్దిలో హ్యూయన్‌త్సాంగ్ నలందలో సంస్కృత శాస్త్రములు చదివి, ధాన్యకటకము వఱకు వచ్చి, పూర్వశైల, అపరశైల విహారములను గూర్చి వ్రాసిపోయెను. ఇచటినుండి చీనాకేగిన పండితులు బౌద్ధగ్రంథముల ననువదించిరే కాని, అచటి జనుల జీవితమును స్వదేశీయులకు తెలుపు గ్రంథము నొక్కదానిని వ్రాసినట్లు కానరాదు. 1937లో శాంతినికేతనమున తాన్ యున్‌షాన్ నిర్వహణలో చీనాభవనము వెలసినది. అది స్తుత్యమైన కృషి. అయినను అందలి దృష్టి ప్రధానముగా బౌద్ధవాఙ్మయముపైననే నిలిచినది. 1954లో పంచశీల ఒప్పందము జరిగినది. 1962లో యుద్ధము వచ్చినది. ఢిల్లీ విశ్వవిద్యాలయమున చీనా అధ్యయనమునకు ప్రత్యేక కేంద్ర మేర్పడినది 1964లో! ఇల్లు కాలుచుండగా నూయి త్రవ్వుట యన నిదియే.

భాష తెలియనిదే రాజకీయము తెలియదనుటకు ఒక్క మాట చాలును. చీనాభాషలో ప్రజాస్వామ్యమునకు ‘మిన్‌జూ’ అని పేరు. ‘మిన్’ అనగా ప్రజ, ‘జూ’ అనగా ప్రభువు. ప్రాచీనమగు షూ జింగ్ గ్రంథమున ఈ పదమునకు ప్రజలకు ప్రభువైనవాడు, అనగా రాజు, అని అర్థము. ప్రజలే ప్రభువులను అర్థము ఆధునిక కాలమున వచ్చినది. (తెలుగు ‘ప్రజాస్వామ్యము’నందును స్వామి యొకడు దాగియున్నాడు గదా!) 1982 నాటి చీనా రాజ్యాంగపు మొదటి అధికరణములో ఈ పదమే నియంతృత్వమను పదముతో జంటగా నిలిచియున్నది. అనువాదమున ఇది వదతోవ్యాఘాతముగా తోచును. మూలము నెఱిగినవానికి అది యొక చరిత్రగా కనబడును. అట్లే, చీనాలో రాష్ట్ర పాలకునికన్న ఆ రాష్ట్రపు పార్టీ కార్యదర్శి అధికుడు. ఈ సంగతి తెలియక పదవుల పేళ్లను మాత్రము చదువువాడు అధికార మెచట నున్నదో ఎఱుగజాలడు.

అభిమానమైనను ద్వేషమైనను జ్ఞానమునకు బదులు కానేరదు. 1960ల చివర శ్రీకాకుళ ఉద్యమకాలమున ఆంధ్రయువకు లనేకులు మావో రచనలను పారాయణము చేసిరి. అవి యధికముగా ఆంగ్లము ద్వారా వచ్చినవి. 1959–61 సంవత్సరముల క్షామమున చీనా గ్రామములలో కోట్లకొలది జనులు మరణించిన సంగతి ఆ పుటలలో లేదు. చీనాను నిందించిన వారికిని ఆ గ్రామములు తెలియవు. 1958లో శాసనరూపము దాల్చిన ‘హుకౌ’ నమోదు పద్ధతి పల్లెవాసిని పట్టణవాసినుండి వేఱుచేసినది. తరువాత సడలింపులు వచ్చినను, పట్టణమునకు వలసపోయిన కూలివాని బిడ్డకు అచటి బడిలో చోటు దొరకుట నేటికిని చాలవఱకు దానిపై ఆధారపడియున్నది. ఇట్టి విషయములను విడిచి సరిహద్దు పటములను మాత్రమే చూచుట చీనాను చదువుట కాదు.

ఈ పని విదేశాంగశాఖకు మాత్రమే చెందినదని భాషాశాఖలు తలచుట తగదు. దేశభాషల శాఖలు ఏటేట ఒక్క విద్యార్థినైనను చీనాభాష నేర్వ పంపవలెను. అతడు మొదట తేవలసినది తాంగ్ యుగపు కవిత కాదు. సమష్టి యాజమాన్యమున నున్న భూమిని ఒక పల్లెలోని కుటుంబములు ఏ యొడంబడికపై సాగుచేయుచున్నవో, ఆ యొడంబడిక పత్రముల తెలుగు ప్రతి.