ఆమెకు తెలియని విడాకులు

భర్త విడాకులు తీసుకున్న సంగతి అతని రెండో పెళ్లి కబురుతోనే తెలిసిన స్త్రీలు నా పరిశోధనలో చాలాసార్లు ఎదురయ్యారు. ఆమె పుట్టింట్లో ఉంటుంది, సమన్లు అత్తవారింటికి వెళ్తాయి. ‘నిరాకరించింది’ అని అమీనా రాస్తాడు, ఎక్స్‌పార్టీ డిక్రీ వచ్చేస్తుంది. దీన్ని స్త్రీల అజ్ఞానం అంటారు. చిరునామా రాసిచ్చింది భర్త కాదా?

ఆ డిక్రీని రద్దు చేయమని సివిల్ ప్రొసీజర్ కోడ్ 9వ ఆర్డరు 13వ రూలు కింద అదే కోర్టును అడగవచ్చు. గడువు 30 రోజులు. సమన్లు సక్రమంగా అందకపోతే, డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి లెక్క. పెద్దమనుషుల రాజీకోసం చూస్తూ ఈ రోజులు పోగొట్టుకుంటున్నాం. దాటితే ఆలస్యానికి కారణం చూపుతూ మరో దరఖాస్తు కావాలి.

ముందుగా సమన్ల కాగితం నకలు తీయించండి. దానిమీద సంతకమో వేలిముద్రో ఉంటే ఎవరిదో ఆమెనే అడగండి. వకీలు ఫీజు లేదని ఆగవద్దు. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం, ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలు ఉచిత న్యాయ సహాయానికి అర్హులు.