అల్లుడితో మాట్లాడే గొంతు వేరు

అహోబిలం నరసింహస్వామి చెంచుల ఇంటి అల్లుడన్న సంగతి అందరికీ తెలిసిందే. సంక్రాంతి నుంచి 45 రోజులు పారువేట పేరుతో స్వామి ఊళ్లు తిరుగుతాడు. కానీ ఈ కథ ఎవరి నోట ఏ గొంతుతో వస్తున్నదో ఎప్పుడైనా గమనించారా? బయటివాళ్లు చెప్పేటప్పుడు, అడవి పిల్లను కూడా చేపట్టిన దయామయుడు అన్నట్టు చెప్తారు. చెంచు పెద్దలు మా పిల్లను చేసుకున్నాడు, మాకు అల్లుడు అంటారు. జరిగింది ఒక్కటే. ఆ 'కూడా' అన్న మాట మనల్ని ఒక మెట్టు దించుతది. 'అల్లుడు' అన్న మాట దేవుణ్ణే మన గుడిసె ముందు కూర్చోబెడతది. అల్లుడికి మర్యాద చేస్తాం, మేలమాడతాం, అలిగితే బతిమాలతాం. భక్తుడి గొంతు అది కాదు.

'చెంచులక్ష్మి' సినిమా 1943లో ఒకటి, 1958లో ఒకటి వచ్చాయి. రెండోదాంట్లో చెంచిత నరహరిని ఇది చేయగలవా, అది చేయగలవా అని అడిగే పాట ఉంది గదా. అందరూ దాన్ని సరసం పాటగానే వింటారు. సరసమే, కాదనను. కానీ అడిగేది ఎవరు, జవాబు చెప్పుకునేది ఎవరు? పరీక్ష రాసేది దేవుడు. అడవి పని రాకపోతే పిల్ల దక్కదు. అదే సినిమాలో ఆ పిల్ల లక్ష్మీదేవి అవతారం. ఒట్టి చెంచు పిల్ల దేవుడికి భార్య అయితే వాళ్లకు మింగుడు పడదేమో!

అట్లని ప్రతి పాటలో తిరుగుబాటు వెతకడమూ తప్పే. మన పోస్టుల్లో ఇది ఎక్కువైంది. కొన్ని పాటలు నిజంగా మొక్కుబడి పాటలే, కొన్ని ఉత్త నవ్వులాట. పాడే అమ్మకు లేని కోపాన్ని మనం అంటగడితే మనకూ వాళ్లకూ తేడా ఏముంది?

సాహిత్యం క్లాసు మనకెందుకన్నా అంటారా? 2006 అటవీ హక్కుల చట్టానికి 2008లో వచ్చిన నియమాల్లో 13వది చదవండి. హక్కుకు రుజువుగా, దరఖాస్తు పెట్టుకున్నవాళ్లు కాకుండా వేరే పెద్దలు చెప్పింది రాసిన కాగితం కూడా చెల్లుతది. చాలా గూడేల్లో ఆ రాసే పని మనలాంటి చదువుకున్న పిల్లల మీదే పడుతది. అడవి ఎవరిదని అడిగితే ముసలాయన నవ్వి, మాదెక్కడిది బిడ్డా, ఫారెస్టోళ్లదేనంట గదా అంటాడు అనుకోండి. దాన్ని మనం 'అడవి అటవీ శాఖదని తెలిపినారు' అని ఆఫీసు తెలుగులో దించితే ఏమైతది? ఆయన నవ్వు పోయింది, 'అంట' పోయింది. ఆ 'అంట'లోనే ఉంది అసలు సంగతి. అది వాళ్ల మాట, నేను ఒప్పుకున్న మాట కాదు అని ఆయన చెప్పిందే అది.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, గ్రామసభకు పోయేటప్పుడు ఫోన్‌లో రికార్డు పెట్టండి, ముందు వాళ్ల అనుమతి అడిగి. అన్న మాట అన్నట్టే, అన్న భాషలోనే రాసి, తెలుగు దాని కింద రాయండి. ఎత్తిపొడుపుగా అన్నారనిపిస్తే ఊహించి రాయొద్దు, మళ్లీ అడగండి: తాతా, నిజంగానే అంటున్నవా? వేలిముద్ర వేయించే ముందు మొత్తం గట్టిగా చదివి వినిపించండి. తప్పుంటే ఆయనే ఆపుతాడు.