వేలు చూపినవాడి బాధ్యత

ఈశాన్య ఋతుపవనాల వానలకు చెరువులు నిండిన తరువాత, డిసెంబరు, జనవరి మాసాలలో సూళ్లూరుపేట నుండి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు మీద ఒక దృశ్యం కనిపిస్తుంది. ఆ రోడ్డు పులికాట్ సరస్సు మధ్యగా సాగుతుంది. ఇరువైపులా లోతు లేని ఉప్పునీరు. ఆ నీటిలో గుంపులు గుంపులుగా ఫ్లెమింగోలు. రోడ్డు అంచున వరుసగా ఆగిన కార్లు, వాటి పక్కన స్టాండ్ల మీద నిలిపిన పెద్ద పెద్ద లెన్సుల కెమెరాలు. చెన్నై నుండి, హైదరాబాద్ నుండి, ఇంకా దూరప్రాంతాల నుండి పక్షుల ఫొటోల కోసమే వచ్చేవారు వీరు. వీరికి దారి చూపి, ఏ పక్షి ఏ వేళకు ఎక్కడ దిగుతుందో చెప్పే గైడ్లు కూడా ఇప్పుడు అక్కడ ఉన్నారు.

మన దేశంలో ఒడిశాలోని చిలికా తరువాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాటే. ఫ్లెమింగో ఆ బురదనీటిలో నిలబడి, పొడవాటి మెడ వంచి, తలను పూర్తిగా తలక్రిందులు చేసి ముక్కును నీటిలో ముంచుతుంది. ఆ ముక్కు లోపల జల్లెడ వంటి అమరిక ఉన్నది. నీరు బయటికి పోతుంది, నాచు, చిన్న చిన్న జలచరాలు లోపల మిగులుతాయి. దాని రెక్కల గులాబీ రంగు కూడా ఆ ఆహారం నుండి వచ్చేదే. తిండి మారితే రంగు వెలిసిపోతుంది. సృష్టికర్త దాని సౌందర్యాన్ని సైతం దాని ఉపాధిలోనే దాచి ఉంచాడు. సుబ్‌హానల్లాహ్!

సూళ్లూరుపేటకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో నేలపట్టు ఉన్నది. 1976లో దానిని పక్షి సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. అక్కడి చెరువులో కడప చెట్లు నెలల తరబడి మొదలు నీట మునిగి ఉన్నా చావవు. ఆ కొమ్మల మీద గూడబాతులు, నత్తగొట్టు కొంగలు, నీటికాకులు గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. గూడబాతు పులికాట్ వరకు ఎగిరివెళ్లి చేపలు పట్టి తెస్తుంది. పిల్ల తన తలను తల్లి గొంతు సంచిలోకి దూర్చి మేత అందుకుంటుంది. ఆ ఊరివారు తరతరాలుగా ఈ పక్షులను తరమలేదు. పక్షులు వచ్చిన ఏడు పంట బాగుంటుందని వారి నమ్మకం. నమ్మకం సంగతి అటుంచితే, రెట్ట కలిసిన చెరువు నీరు పొలానికి ఎరువుగా పని చేస్తుందన్నది రైతు కళ్లారా చూసిన విషయమే.

ఈ నెల శీర్షికలో ఇదంతా ఎందుకు ప్రస్తావిస్తున్నామంటే, ఆ ప్రాంతంలో గైడుగా పని చేసే ఒక యువకుడు మమ్మల్ని ఒక మసలా అడిగాడు. అతడు మా వద్ద కొన్నేళ్లు చదివి, ఇంటి పరిస్థితుల వల్ల మధ్యలోనే మానవలసి వచ్చినవాడు. అతని మాటలు దాదాపు ఇవి:

"హజ్రత్, నేను పక్షిని పట్టను, కొట్టను. చెయ్యి చూపిస్తాను, అంతే. కానీ వచ్చిన సార్లకు నిలబడిన పక్షి ఫొటో చాలదు, ఎగిరేది కావాలంటారు. అప్పుడు నేను చప్పట్లు కొడతాను. ఒక్కోసారి నీళ్లలోకి మట్టిగడ్డ విసురుతాను. గుంపంతా ఒకేసారి లేస్తుంది. వాళ్లు సంతోషపడి పైన ఐదువందలో వెయ్యో చేతిలో పెడతారు. అమ్మ మందులు ఆ డబ్బుతోనే వస్తున్నాయి. అది ఇంట్లోకి తేవచ్చా?"

ప్రాణుల ఫొటో తీయడమే ధర్మసమ్మతమా అన్న చర్చను కొందరు పాఠకులు ఇక్కడ ఆశించవచ్చు. ఆ విషయంలో ఉలమాల మధ్య భేదాభిప్రాయం ఉన్నది. డిజిటల్ చిత్రాన్ని అద్దంలో కనబడే ప్రతిబింబంతో పోల్చి అనుమతించినవారు ఉన్నారు, అవసరం లేనిదే కూడదన్నవారూ ఉన్నారు. ఎవరు ఏ ఆలిమ్‌ను విశ్వసించి అనుసరిస్తున్నారో వారు ఆ మాటనే పాటించాలి. ఈ యువకుడు అడిగినది అది కాదు. కెమెరాను పక్కన పెట్టినా అతని ప్రశ్న అలాగే నిలిచి ఉంటుంది.

"చెయ్యి చూపిస్తాను, అంతే" అన్న మాట వద్ద మేము ఆగిపోయాము. హనఫీ మదరసాలలో హిదాయా చదివిన ప్రతివారికీ హజ్ అధ్యాయంలోని ఒక మసలా గుర్తుండాలి. ఇహ్రామ్‌లో ఉన్నవాడు భూచర జంతువును వేటాడరాదు. వేటాడితే పరిహారం చెల్లించాలి. ఇంతవరకు అందరికీ తెలిసినదే. కాని ఇహ్రామ్‌లో ఉన్నవాడు తాను బాణం వేయకుండా, 'అదుగో, అక్కడ ఉన్నది' అని మరొకరికి చూపితే, ఆ రెండవవాడు దానిని చంపితే? ఇమామ్ షాఫియీ (రహ్మ) అభిప్రాయంలో చూపినవానిపై పరిహారం లేదు. మన హనఫీ ఫుఖహాల వద్ద ఉన్నది. పైగా వారు ఒక షరతు కూడా చెప్పారు. చూపించుకున్నవానికి ఆ జంతువు ఉన్న చోటు అంతకుముందు తెలియకుండా ఉండాలి. అతనికి ముందే తెలిసి ఉంటే వేలు చూపినవాని పాత్ర ఏమీ లేదు. తెలియనివానికి తెలియజేసినప్పుడే బాధ్యత వచ్చి మెడకు చుట్టుకుంటుంది. ఇక గైడు వృత్తి ఏమిటి? తెలియనివారికి చోటు తెలియజేయడమే కదా!

ఈ మసలాకు మూలాధారాలలో ఒకటి అబూ ఖతాదా (రజి) సంఘటన. హుదైబియా ప్రయాణంలో ఆయన ఇహ్రామ్‌లో లేరు, సహచరులు ఉన్నారు. ఆయన అడవి గాడిదను వేటాడబోతూ సాయం కోరితే వారు నిరాకరించారు. తరువాత ఆ మాంసం గురించి దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) వారిని అడిగినప్పుడు, మీలో ఎవరైనా పురమాయించారా, సైగ చేశారా అని ఆయన విచారించారు. లేదని తెలిసిన తరువాతనే తినడానికి అనుమతించారు. సైగను సైతం లెక్కలోకి తీసుకున్న ధర్మం మనది.

పులికాట్ సరస్సు హరమ్ కాదు, అక్కడికి వెళ్లేవారు ఇహ్రామ్‌లోనూ లేరు. ఆ హుకుమ్‌ను యథాతథంగా ఇక్కడికి తెచ్చి అతికించడం ఫిఖ్హ్ కాదు. ఆహారం కోసం చేసే వేటను షరీఅత్ హలాల్ చేసింది. సరస్సు మీద బ్రతికే జాలరుల వల కూడా హలాలే. కాని ఇహ్రామ్ ఆదేశాలు మనకు ఒక అదబ్‌ను నేర్పుతాయి. మక్కా హరమ్‌లోని జంతువును చంపడమే కాదు, బెదరగొట్టి లేపడం కూడా నిషిద్ధమని హదీసులో వచ్చింది. ఇబ్నె అబ్బాస్ (రజి) శిష్యులు ఇక్రమా (రహ్మ) దానిని వివరిస్తూ, నీడన ఉన్న జంతువును అదిలించి ఆ చోట మనిషి కూర్చోవడం కూడా ఇందులోకే వస్తుందని చెప్పారు. ఉమ్రాకు వెళ్లి వచ్చినవారు హరమ్ పావురాల మధ్య తాము ఎంత జాగ్రత్తగా అడుగు వేశారో ఒకసారి జ్ఞాపకం చేసుకోవాలి. అల్ మాయిదా సూరాలో, చేతులకు, ఈటెలకు అందేంత దగ్గరగా వేటను ఉంచి విశ్వాసులను పరీక్షించడం గురించి ప్రస్తావన ఉన్నది. ఈనాడు ఆ దూరం లెన్సుకు అందేంతగా పెరిగింది.

హరమ్ వెలుపల కూడా పక్షిని నిష్కారణంగా వేధించడానికి అనుమతి లేదు. ఒక ప్రయాణంలో సహాబాలు చిన్న పక్షి పిల్లలను రెండింటిని పట్టుకున్నారు. తల్లిపక్షి వచ్చి రెక్కలు కొట్టుకుంటూ తిరగసాగింది. దైవప్రవక్త (స) దానిని చూసి, పిల్లల విషయంలో దీనిని ఎవరు బాధించారని అడిగి, వాటిని తిరిగి ఇచ్చివేయమని ఆదేశించారు. ఇది అబూ దావూద్‌లోని ఉల్లేఖనం. నేలపట్టు వంటి చోట ఈ హదీసు మరింత స్పష్టంగా అర్థమవుతుంది. గూటి మీది తల్లి బెదిరి లేచిందంటే, ఈకలు మొలవని పిల్లలు ఎండకు మాడిపోతాయి. కాకులు, గద్దలు గుడ్లను ఎత్తుకుపోతాయి. ఇక్కడ ఎవరూ పిల్లలను పట్టలేదు, అయినా తల్లి వాటిని పోగొట్టుకున్నది. దేశ చట్టం కూడా ఈ సంగతి గ్రహించింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 'వేట' అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో చంపడం, పట్టడంతో పాటు తరమడాన్నీ, పక్షుల గుడ్లను, గూళ్లను కలవరపెట్టడాన్నీ చేర్చింది. 'నేను కొట్టను, పట్టను' అన్న సాకు అక్కడ చెల్లదు.

"ఒక్కసారి ఎగిరితే వాటికేం నష్టం హజ్రత్, అవి ఎగిరేవే కదా?" అని కూడా అతడు అడిగాడు. ఫ్లెమింగో పిచ్చుకలాగా ఉన్నచోటనే గాలిలోకి లేవదు. నీటి మీద కొంత దూరం పరుగెత్తి, అప్పుడు గాని ఎగరలేదు. అది మేత మేస్తున్న వేళ. ఆ పరుగుకు, ఆ ఎగురుటకు ఖర్చయ్యే శక్తిని మళ్లీ ఆ బురదనీటిలోనే వెతుక్కోవాలి. ఒక కారువారు 'ఒక్కసారే' అంటారు. పది కార్లవారూ అదే మాట అంటారు. పక్షికి మాత్రం అది పదిసార్లు.

కనుక మా సమాధానం ఇది. దారి చూపినందుకు, పక్షిని గుర్తించి వివరించినందుకు, వేకువనే లేచి వెంట తిరిగినందుకు తీసుకునే కూలి హలాల్, అందులో సందేహం లేదు. చప్పట్లకు, మట్టిగడ్డకు ప్రతిఫలంగా వచ్చే పైడబ్బు తీసుకోదగినది కాదు. తప్పుడు పనికి కూలి ఆ పనిని బట్టే ఉంటుంది. సంతోషంతో ఇచ్చారన్నంత మాత్రాన అది మారదు. అయితే సంతోషంతో ఇచ్చేదంతా ఈ కోవలోకి రాదు. గూడబాతులు మేతకు వెళ్లే వేళ, గూటికి మరలే దారి తెలిసినవాడు ఎగిరే ఫొటోను చప్పుడు లేకుండానే ఇప్పించగలడు. దానికి గంటో రెండు గంటలో కాచుకుని కూర్చోవాలి. ఆ ఓర్పు, ఆ నేర్పు చూసి ఎవరైనా ఎక్కువ ఇస్తే బిస్మిల్లాహ్ అని తీసుకోవచ్చు.

గూళ్లు ఉన్న చోటును ఫోనులో లొకేషన్‌గా ఎవరికీ పంపవద్దని కూడా మేము చెప్పాము. ఆ చోటు చివరికి ఎవరి చేతికి చేరుతుందో పంపినవానికి తెలియదు. ఇది వేలు చూపడం కంటే పెద్ద చూపడం.

నియమం పెడితే ఈ ఏడు రాబడి తగ్గుతుందేమోనని అతడు భయపడ్డాడు. తగ్గదని మేము అనలేదు. రిజ్ఖ్ ఇచ్చేవాడు అల్లాహ్, కాని మందుల షాపువాడు నెలనెలా అడుగుతాడని మాకూ తెలుసు. అందుకే అతని తల్లి మందుల విషయం మా మసీదులోని ఇద్దరు ముగ్గురు పెద్దలతో మాట్లాడుతున్నాము. హలాల్ సంపాదనే ముఖ్యమని ఉపదేశించి, ఆపైన ఆ ఇంటి గడప వైపు చూడకపోవడం ఉలమాకు తగదని మా అభిప్రాయం.

సంక్రాంతి సెలవులలో మన కుటుంబాలు కూడా పెద్ద సంఖ్యలో అటు వెళుతుంటాయి. రోడ్డు పక్కన కారు ఆపగానే పిల్లల చేతిలోకి రాయి, తండ్రి చేతిలోకి ఫోను వస్తాయి. తల్లులు ఆ రాయి సంగతి చూసుకోవాలి. హారన్ కొట్టవద్దు, నీటిలోకి దిగవద్దు. నేలపట్టులో కాలిబాట దాటి చెట్ల వైపు వెళ్లవద్దు. వీలైతే ఒక బైనాక్యులర్ తీసుకువెళ్లండి. తల తలక్రిందులు చేసి మేసే పక్షిని అందులోంచి చూసిన పిల్లవాడు దానిని ఎగరమని అడగడు. పక్షులను కూడా మానవులవలె సముదాయాలుగా పేర్కొన్న అల్ అన్ఆమ్ సూరా ఆయతును వారికి అక్కడే వినిపించవచ్చు. అస్ర్ నమాజ్ వేళను ముందే చూసుకోండి, తిరుగు ప్రయాణంలో ఖజా కాకుండా.

ఆ యువకుడు ఇప్పుడు బుకింగ్ తీసుకునేటప్పుడే నియమం చెబుతున్నాడు. పక్షులను లేపను, ఎవరినీ లేపనివ్వను అని. ఇది రాసే నాటికి ఒక బృందం రద్దు చేసుకున్నది. రెండు బృందాలు సరేనన్నాయి.