మనకు నచ్చిన ఊరు

పుట్టినూరేది, మెట్టినూరేది అని అందరూ అడుగుతారు. 'నీకు నచ్చిన ఊరేది?' అని మనల్నెవరైనా అడిగారా? నన్నడిగితే, చిన్నూళ్ళలో బొబ్బిలి. పనస దుంగని వీణగా మలిచే గొల్లపల్లి ఆ పక్కనే. కాస్త పెద్దదైతే విజయనగరం. 1919లో పెట్టిన సంగీత కళాశాల మీదుగా సాయంత్రం నడిచొస్తుంటే కూరల సంచీ బరువే తెలీదు. మహానగరమంటే నేను చూడని రంగూనే! సిక్కోలు నుంచి ఎందరో ఓడెక్కి వెళ్ళి, 1942లో జపాను దాడికి కాలినడకన తిరిగొచ్చారు. అంత కష్టపడ్డా, ఆ పేరెత్తితే తాతమ్మ కళ్ళు మెరిసేవని అమ్మ చెప్పేది.

మరి విశాఖ? మా అమ్మాయికి అక్కడే సీటొచ్చింది. చీకటి పడ్డాక అది బస్సు దిగి హాస్టలుకి బెదురు లేకుండా నడిచి వెళ్ళనివ్వండి, అప్పుడు చెబుతాను.