తెరపై నది – ఊరి నది

భూగోళాన్ని దృశ్యమాధ్యమం ద్వారా బోధించాలన్న ఆలోచన కొత్తది కాదు. 1975-76లో జరిగిన ‘సైట్’ ప్రయోగం ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా టెలివిజన్ కార్యక్రమాలను అందించింది. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుండి ఎగిరిన ఎడ్యుశాట్ విద్యకొరకే ఉద్దేశించినది. నేడు అటువంటి పాఠాలు చేతిలోని ఫోనులోనే ఇమిడిపోయాయి.

దృశ్యపాఠానికి గల శక్తి కాదనరానిది. హిమానీనదం కదలికను నల్లబల్లపై చూపడం ఎంతటి ఉపాధ్యాయునికైనా కష్టమే. అయితే ఆ పాఠాలు చూపే నదులు ఏవి? కర్నూలును ఆనుకొని ఉన్న కల్లూరులోని విద్యార్థి అమెజాన్ ఉపనదులను తెరపై గుర్తించవచ్చు. వేసవిలో చిక్కి, కర్నూలు వద్ద తుంగభద్రలో కలిసే హంద్రి కథ మాత్రం అతనికి తెలియకపోవచ్చు. 2009 అక్టోబరులో ఎగువన కుండపోత వానలు, దిగువన నిండిన శ్రీశైలం జలాశయం. ఈ రెంటి నడుమ నగరం చిక్కి మునిగిన తీరును కదిలే పటంపై చూపినంత స్పష్టంగా ఏ వర్ణనా చెప్పలేదు. అది ప్రాణరక్షణకు పనికివచ్చే భూగోళం.

వీడియో నడుస్తుండగా హాజరుపట్టీ పూర్తిచేసుకొనే తరగతిలో (అటువంటివి లేకపోలేదు) విద్యార్థి ప్రేక్షకుడే అవుతాడు. ఉపాధ్యాయుడు మధ్యలో ఆపి, “ఇక నీరు ఎటు పోతుంది?” అని అడగాలి. సమాధానం వచ్చాకనే తిరిగి నడపాలి. ఆపైన పిల్లలను హంద్రి ఒడ్డుకు తీసుకొనిపోయి, ఆనాటి వరద ఎంతవరకు వచ్చిందో పెద్దలను అడిగి పటంపై గుర్తించమనాలి.